మత్తడి కాడ వెచ్చటి నీళ్ళు

ఈదుల చెరువు మత్తడి కాడికి పొద్దుగూకినంక మనిషి పోడు. గడ్డి ఎంత ఏపుగ పెరిగినా బర్రె గూడ ఆ మూలకు మేతకు పోదని ఆ ఊరోళ్ళు చెప్తరు.

చెరువు పెద్దదే. ఒక కొసన ఊరు, ఇంకో కొసన గడ్డపోతారం దిక్కు కంపినీల పొగగొట్టాలు, నడుమ పొడుగాటి కట్ట. ఊరి దిక్కున్న కొసన బట్టలుతుకుతరు, బర్లను కడుగుతరు, పిల్లలు ఈదుతరు. ఆడ ఏ భయం లేదు. భయమంత అవతలి కొసన — చెరువు నిండితే నీళ్ళు బయటికి దుంకే మత్తడి ఉన్నదే, ఆ మూలన. ఆడ రాళ్ళు నాలుగు మెట్ల లెక్క నీళ్ళల్లకు దిగుతయి. ఆ తర్వాత ఇగ మెట్టు లేదు. ఒక్కసారి లోతు.

ఎండకాలంల ఆడ దిగినోళ్ళందరు ఒకటే మాట చెప్తుండె. మీద నీళ్ళు స్నానానికి కాగబెట్టినట్టు వెచ్చగుంటయంట. ఈదుకుంట పోయి, కాళ్ళు కిందికి జారవిడిస్తే... నడుము కింద బరఫు. నడుమ గీత గీసినట్టు. ఆ చల్లదనం వచ్చి మడమల కాడ రెండు చేతులతోని పట్టుకుంటదంట. వానకాలంల ఎర్రనీళ్ళు మత్తడి దిక్కు గుంజుతయి, ఈత వచ్చినోడైనా రానోడైనా ఒక్కటే. ఇగ చలికాలంల ఆడ నీళ్ళు ఎట్లుంటయో ఎవ్వరికి ఎరుకలేదు. దిగినోళ్ళు లేరు.

మొగులమ్మ పోయింది ఎండకాలంలనే.

మొగోళ్ళతోని పందెం కట్టి చెరువు అడ్డంగ ఈదిన మనిషి మొగులమ్మ. ఒకనాడు పట్టపగలు మత్తడి కాడ బిందె తోముతుంటే అది చేజారి మునిగింది. దానికోసం మునిగింది. బిందె పైకి రాలే, మొగులమ్మ రాలే. మూడోనాడు తేలింది. లోపల చల్లనీళ్ళకు పిక్కలు పట్టేసినయని కొందరన్నరు. పిక్కలు కాదు, పట్టింది వేరే అని చానమంది అన్నరు. అప్పటి సంది ఆ జాగకు మొగులమ్మ మూల అని పేరు పడ్డది. తెల్లారకముందు పొగమంచుల నడుము లోతు నీళ్ళల్ల నిలబడి ఉంటదని, కదలదు, మెదలదు, ఉట్టిగ నిలబడి ఉంటదని చెప్పుకునేటోళ్ళు.

ఆ కట్ట మీదికెల్లి శివమ్మ రోజు డ్యూటీకి పోయేది.

శివమ్మ ఆ ఊరి కోడలు. తల్లిగారిల్లు జోగిపేట అవతల. చిన్నప్పుడు నాయన వీపుకు సొరకాయ బుర్ర కట్టి వ్యవసాయ బాయిల ఈత నేర్పిండు. కొత్త కోడలిగ వచ్చినప్పుడు ఊరి కొసన మొగులమ్మ జోడిగ ఈదింది గూడ. మొగులమ్మ పోయినంక మళ్ళ నీళ్ళల్ల కాలు పెట్టలే. అత్త పెట్టనియ్యలే. ఆమెకు గూడ పెట్టబుద్ధి కాలే.

ముందు పొలాల్ల కూలికి, కైకిలికి పోతుండె. చుట్టుపక్కల పొలాలు కంపినీలైనంక ఆమె గూడ మందుల కంపినీల డ్రమ్ములు కడిగే పనికి కుదిరింది. పొద్దుగాల ఆరింటికి మొదటి షిఫ్టు. రోడ్డు మీదికెల్లి పోతే చుట్టు చాన దూరం, ఆ వేళకు ఆటోలు దొరకవు. కట్ట మీదికెల్లి అయితే దగ్గర. అందుకని చీకట్లనే బయలెల్లేది. జోడి రాజవ్వ ఉంటుండె.

రాజవ్వ పెద్దమనిషి. ఒంటి మీద కంపినోళ్ళు ఇచ్చిన నీలం కోటు, నోట్లె ఎప్పుడు ఆకువక్క, తెగని ముచ్చట్లు. మొగులమ్మ ఆమెకు సొంత ఆడబిడ్డ, మొగని చెల్లె. మత్తడి దగ్గర పడంగనే రాజవ్వ ముచ్చట బంద్ చేసేది. శివమ్మ చెయ్యి గట్టిగ పట్టుకునేది.

"చెరువు దిక్కు చూడకు పిల్లా," అనేది గొంతు తగ్గించి. "ముందుకే చూడు. నడువు."

రోజు గట్లనే దాటిపోయేటోళ్ళు ఇద్దరు.

తొంభై ఆరో ఏడో, ఆ నడుమ సంగతి. దీపావళి పోయి వారమైంది. ఆ పొద్దు చలి ముదిరింది. శివమ్మ చీకట్ల పోయి రాజవ్వ తలుపు కొడితే కోడలు వచ్చి తలుపు సందులకెల్లి మాట్లాడింది.

"అత్తకు ఒళ్ళు గరంగున్నది శివక్కా. జెర మంచిగనిపిస్తే తెల్లారినంక వెనక వస్తనన్నది. నిన్ను పొమ్మన్నది."

శివమ్మ వాకిట్ల నిలబడ్డది. ఆ వారంల ఒకసారి ఆలస్యమైతే సూపర్‌వైజర్ గేటు కాడికెల్లే వాపస్ పంపిండు. మళ్ళొకసారి ఆలస్యమైతే ఇగ రాకు అన్నడు. వాపస్ ఇంటికి పోయి మొగణ్ణి లేపుదామంటే ఆయన రెండో షిఫ్టు చేసి వచ్చి అర్ధరాత్రి పండుకున్నడు.

చేతిల టార్చి ఉన్నది. కొంగు నెత్తి మీదికెల్లి చెవుల చుట్టు కట్టుకున్నది. కట్ట ఎక్కింది.

సగం దూరం దాక ఏం కాలే.

చంద్రుడు ఎప్పుడో కుంకిండు. అవతల కంపిని లైట్లు మసక మసకగ కనబడ్తున్నయి. చెరువు మాత్రం కనబడ్తలేదు. నీళ్ళ మీద పొగ. చెరువు మొత్తాన్ని ఎవరో పెద్ద పొయ్యి మీద ఎక్కించినట్టు... పొగలు లేస్తున్నయి, మెల్లగ కట్ట మీదికి పాకుతున్నయి. చలికాలంల ఈ పొగను చూపించి ఊర్లె ఆడోళ్ళు మొగులమ్మ ఊపిరి అంటుండె. ఆ మాట యాదికి రావొద్దనుకున్నది శివమ్మ. అనుకున్నకొద్ది అదే వచ్చింది.

టార్చి వెలుగు పొగల పడి తెల్లగ గోడ లెక్క కనబడ్డది. అడుగు ముందట ఏమున్నదో తెలుస్తలేదు. ఆర్పేసింది. చీకట్లనే నయమనిపించింది.

గప్పుడు ఇనబడ్డది.

పాట.

మొదలు గాలి అనుకున్నది. గాలి లేదు. నిలబడి చెవి పెట్టింది. ఆడగొంతులు... ఒకటి కాదు, నాలుగైదు కలిసినయి. ముక్కుల నుంచి సాగదీసి, ఒకే తీరుగ, ఎక్కడ ఆగకుండ. ఏడుస్తున్నరా, పాడుతున్నరా తెలుస్తలేదు. ఒక్క మాట గూడ అర్థమైతలేదు. తెలుగు కాదు. ఊర్లె తుర్కోళ్ళు మాట్లాడే మాట గూడ కాదు.

పాట మత్తడి దిక్కునుంచి వస్తుంది.

వెనకకు పోదామని తిరిగింది. వెనక గూడ పొగే. ఊరు కనబడ్తలేదు. వెనకకు పోతే వీపు మత్తడి దిక్కు పెట్టి నడవాలె — అది ఆమెతోని కాదు. ముందుకు పోతే... మత్తడి దాటితే గేటు దగ్గరనే. లైట్లు. మనుషులు.

కొంగు నోట్లె కుక్కుకున్నది. చెప్పులు విడిచి చేతిల పట్టుకున్నది. ఒక్కొక్క అడుగు వేసింది.

మత్తడి మూలకు కట్ట అంచున ఈదులు — ఈతచెట్లు — గుంపుగ ఉంటయి. ఆడిదాక వచ్చేసరికి నీళ్ళ మీద వెలుగు కనబడ్డది. చిన్నది. ఎర్రటిది. దాని పక్కన ఇంకోటి. నీళ్ళ మీద... గాలిల తేలినట్టు, మనిషి ఛాతి ఎత్తున.

శివమ్మ ఈదుల చాటున కూలబడ్డది. ముండ్లు చేతులకు గుచ్చుకున్నయి, తెలువనే లేదు.

పొగ జెర పలచబడ్డది.

ముందుగాల కనబడ్డది మనిషి కాదు. నీళ్ళ అంచున ఏదో నిలబడ్డది. సన్నటి పొడుగాటి కాళ్ళు. ఈతచెట్టంత ఎత్తు. మీద తలకాయ ఉన్న జాగల ఆకులో, వెంట్రుకలో — కుచ్చులు కుచ్చులుగ వేలాడుతున్నయి. దాని కాళ్ళ నడుమ దీపం.

దాని అవతల... నీళ్ళల్ల...

నడుము లోతు నీళ్ళల్ల ఆడమనిషి. వీపు కట్ట దిక్కు. తడిచిన చీర, విడిచిన జుట్టు. కదలదు, మెదలదు.

"మొగులమ్మక్కా..." శివమ్మ పెదవులు కదిలినయి.

పొగ ఇంకా జరిగింది. ఆమె పక్కన ఇంకొకామె. ఆమె పక్కన ఇంకొకామె. అందరు ఒకే దిక్కు — లోపలికి, చెరువు నడుమకు, తూర్పుకు — మొకం పెట్టి నిలబడ్డరు. ఆ చెరువుల పోయినోళ్ళందరిని మొగులమ్మ లేపుకొచ్చిందనిపించింది శివమ్మకు. ఎల్లమ్మ తల్లిని తలుచుకుందామంటే పేరు యాదికి రాలే. ఇంట్ల పండుకున్న చిన్నపిల్ల యాదికొచ్చింది. లేచి అమ్మ ఏదంటే ఏం చెప్తరు...

ఒకామె మెల్లగ వెనకకు తిరిగింది.

దీపం వెలుగు మొకం మీద పడ్డది. ముక్కు కొస నుంచి నుదురు మీదికెల్లి నడినెత్తి దాక — ఎర్రటి గీత. నెత్తి పగిలి కారినట్టు. వేలెడు వెడల్పు. ఆ గీతకు రెండు దిక్కుల కండ్లు, రెప్ప కొట్టకుండ. ఆమె చేతులు చాపి ఒడ్డు మీదికెల్లి దేన్నో అందుకుని, మళ్ళ అటు తిరిగింది.

శివమ్మ ఈదు మట్టను రెండు చేతులతోని పట్టుకున్నది. నోట్ల కొంగును పండ్లతోని కొరుకుతనే ఉన్నది.

పాట నడుస్తనే ఉన్నది.

గప్పుడు, మత్తడికి అన్నిటికన్న దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఒక అడుగు పక్కకు వేసింది.

లేదు.

ఉన్న మనిషి లేదు. శబ్దం లేదు, కేక లేదు. ఆమె చేతిల ఉన్న చేట మాత్రం నీళ్ళ మీద ఉన్నది. చేటల దీపం వెలుగుతనే ఉన్నది. అట్లనే మెల్లగ లోతు దిక్కు తేలుకుంట పోయింది.

పాట ఇంకా ఆగలే.

ఆ తర్వాత ఒడ్డు మీద ఎక్కడనో చిన్నపిల్ల గొంతు. "మాయీ? మాయీ..."

పాట ఆగింది.

"అరే, డూబ్ గయీ... కలావతీ... కోయీ హై? తైర్‌నా కిస్‌కో ఆతా?"

మొగ గొంతు. వణుకుతుంది. శివమ్మకు ఆ గొంతు ఎరుకే. కంపినీల బాయిలర్ కాడ పనిచేసే బీహార్ మనిషి. అందరు భయ్యా అని పిలుస్తరు. చాయ్ వేళకు డ్రమ్ముల షెడ్డు ముందటికెల్లి పోతు, తాగినవా అమ్మా అని తన హిందీల అడిగిపోయే మనిషి. పోయిన నెలలనే దేశం నుంచి భార్యను, బిడ్డను తీసుకొచ్చిండు.

దయ్యానికి చాయ్ అడిగే గొంతు ఎందుకుంటది.

ఇగ కనబడ్డది ఆమెకు, అప్పటిదాక చూసిందే మళ్ళ వేరేగ. పొడుగు కాళ్ళది దయ్యం కాదు, చెరుకుగడలు. నిలబెట్టి కొసలన్ని ఒక్కకాడ కట్టిండ్రు. ఎర్రటి గీత సిందూరం. ఒడ్డు మీద గంపలు, అరటిగెలలు, గొంగళ్ళు కప్పుకున్న మనుషులు. కంపిని కిరాయి రూముల్ల ఉండే బీహారోళ్ళు. ఊరికి వాళ్ళతోని పొత్తు లేదు, వాళ్ళు ఏం పండుగ చేస్తరో ఎవ్వరికి తెలువదు. మొగులమ్మ సంగతి వాళ్ళకు చెప్పినోళ్ళు లేరు.

మనుషులే. అందుల ఒక మనిషి మునిగింది. ఒడ్డు మీద అందరు నీళ్ళ అంచుకు ఉరుకుతున్నరు, ఆగుతున్నరు. ఒక్కనికి ఈత రాదు.

శివమ్మ లేచింది.

భయం పోయిందని చెప్తే అబద్ధం. అప్పటిదాక ఒడ్డు మీద ఉండి భయపడ్డది. ఇప్పుడు అదే మూలన, మొగులమ్మ పోయిన జాగలనే దిగాలె. ఒంటి మీది కంపిని కోటు విప్పి పారేసింది. చీర కుచ్చెళ్ళు వెనకకు దోపి గోచి బిగించింది. మెట్టు రాళ్ళ మీద నాచు. కత్తి లెక్క కోసే చలికి పండ్లు బిగబట్టి దుంకింది.

నీళ్ళు వెచ్చగున్నయి.

అదే ఆమెను అన్నిటికన్న ఎక్కువ జడిపించింది. బయట గాలి ఎముకలు కొరుకుతుంటే నీళ్ళు వెచ్చగున్నయి. మనిషి ఒంటి వేడి లెక్క. ఎవరో ఒళ్ళోకి తీసుకున్నట్టు నాలుగు దిక్కుల నుంచి కప్పుకున్నయి. వెనకకు ఎగిరి ఒడ్డు ఎక్కుదామనిపించింది. ఆ లోపలనే తల మునిగింది.

లోపల చీకటి. కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే. కాళ్ళు కిందికి పోయినకొద్ది బరఫు తగుల్తదని, మడమలు పట్టుకుంటదని చూస్తుంది. తగలలే. కింద గూడ అదే వేడి. పైకి కిందికి తేడా లేదు. ఎంత కిందికి పోయినా అదే వేడి. ఎండకాలంల ఉన్న గీత ఏమైందో, నీళ్ళు మొత్తం ఎవరు కలిపిండ్రో... చేతులు చాపి వెతికింది. నాచు. రాయి. నాచు. చెవుల్ల గుయ్యిమంటుంది.

పైకి వచ్చింది. ఊపిరి పీల్చింది. ఎవరో ఏదో అరుస్తున్నరు. మళ్ళ మునిగింది.

ఈసారి వెంట్రుకలు తగిలినయి.

పట్టుకుందామని చెయ్యి పెట్టేలోపల ఇంకో చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నది. గట్టిగ. గాజులు చిట్లినయి. ఆ చెయ్యి పైకి పోతలేదు — కిందికి గుంజుతుంది. ఇది ఎవరి చెయ్యి. కలావతి చెయ్యా... కాదా. నోట్లెకు నీళ్ళు వచ్చినయి. చిన్నప్పుడు బాయిల నాయన చెప్పిన మాట ఒంట్లకెల్లి లేచింది: మునిగేటోళ్ళు పట్టుకుంటే గుంజుకోకు, వాళ్ళ వెంట కిందికి పో, పట్టు జారుతది. శివమ్మ కిందికి పోయింది. ఆ వెచ్చటి చీకట్ల, ఆ చేతి వెంట, కిందికి...

పట్టు సడలింది. చీర అందింది. జుట్టు అందింది. కాలు రాయికి తన్ని పైకి లేచింది.

ఒడ్డు మీదికెల్లి చెరుకుగడ చాపిండ్రు. పట్టుకున్నది. నలుగురు గుంజిండ్రు.

బయటికి వచ్చేసరికి గాలి చర్మం ఒలిచినట్టనిపించింది. కలావతిని బోర్ల పండబెట్టి వీపు ఒత్తింది శివమ్మ. నీళ్ళు కక్కింది. దగ్గింది. ఇరవై ఏండ్లు గూడ ఉండవు ఆ పిల్లకు. పక్కన నాలుగేండ్ల బిడ్డ తల్లి కాళ్ళు పట్టుకొని కూసున్నది. భయ్యా నేల మీద కూలబడి శివమ్మనే చూస్తున్నడు.

"శివమ్మా జీ..." అన్నడు. రెండు చేతులు జోడించిండు.

కలావతి కండ్లు తెరిచి ఏదో అడిగింది. అక్కడున్న ముసలామె తల నిమురుకుంట జవాబు చెప్పింది. భయ్యా శివమ్మకు చెప్పిండు, హిందీల, నిదానంగ: మొన్న రాత్రి సంది చుక్క నీళ్ళు తాగలే, పొద్దు పొడిచేదాక తాగొద్దు, సూర్యునికి మొక్కు. చెరువు నీళ్ళు మింగిన, ఉపాసం పోయిందా అని అడుగుతుంది. గంగామాయి తనే తాపింది, పోలేదు అని అవ్వ చెప్తుంది.

ఇంత చెప్పినంక కలావతి మోచేతుల మీద లేచింది. నీళ్ళ దిక్కు చూపించింది. మళ్ళ దిగుతనంటుంది. పొద్దు పొడిచేదాక నీళ్ళల్లనే నిలబడాలెనంట. భయ్యా వద్దన్నడు. ముసలామె వద్దన్నది. ఆ పిల్ల ఇనలే. కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని కాళ్ళు కూడదీసుకుంటనే ఉన్నది. ఏ బిడ్డ కోసం మొక్కుకున్నదో, ఆ బిడ్డ చలికి వణుక్కుంట తల్లినే చూస్తుంది.

"మై పకడ్తా. చలో," అన్నది శివమ్మ తనకొచ్చిన హిందీల, నేను పట్టుకుంట పద అని.

ఎందుకన్నదో ఆమెకే తెలువదు. ఒడ్డు మీద చలి తట్టుకోలేకపోయిందో, ఆ పిల్ల మొకం చూడలేకపోయిందో. రాయి మీద అడుగు చూసుకుంట దిగింది. కలావతి నడుము చుట్టు చెయ్యి వేసింది. మళ్ళ ఆ వేడి, నడుము దాక. కాళ్ళకు ఏదో రాసుకొని పోయింది. చేప అనుకున్నది. చేపనే అని లోపల పదిసార్లు అనుకున్నది.

పాట మళ్ళ మొదలైంది. అందరు తూర్పుకు మొకం పెట్టి నిలబడ్డరు. శివమ్మ గూడ. జుట్టు ఊడిపోయి వీపు మీద పడ్డది, ముడి వేసుకునేటందుకు చెయ్యి ఖాళీ లేదు. ఎవ్వరు వెనకకు తిరగలే, ఎవ్వరు మాట్లాడలే. పొగ తెల్లగైంది, పచ్చగైంది, ఎర్రగైంది. చెరువు అవతలి గట్టు మీద పొద్దు పొడిచింది. చేటలు పైకెత్తి, పాలు నీళ్ళు ధార పోసిండ్రు. కలావతి ఒళ్ళంత వణుకుతుంది గాని చేతులు మాత్రం వణకలే.

పోయేటప్పుడు ముసలామె గోధుమపిండి బెల్లం కలిపి వేయించిన బిళ్ళలు శివమ్మ కొంగుల పోసింది. గేటు కాడ వాచ్‌మన్ ఆమె అవతారం చూసి, వెంట వచ్చిన భయ్యా చెప్పిన మాట ఇని, లోపలికి పంపిండు.

ఇంట్ల చెప్పలే శివమ్మ. మత్తడి కాడ దిగిన్నని తెలిస్తే అత్త మంత్రగాన్ని పిలుస్తది, పని మాన్పిస్తది. కాలు జారి కాలువల పడ్డనని చెప్పింది. ఊర్లె ఎవ్వరికి తెలువదు. రాజవ్వకు చెప్దామనుకున్నది గాని రాజవ్వ జ్వరంతోని మంచం దిగలే. ఆ రెండు దినాలు శివమ్మ రోడ్డు మీదికెల్లే పోయింది.

మూడోనాడు రాజవ్వ డ్యూటీకి వచ్చింది. మొకం పీక్కపోయింది. నోట్లె ఆకువక్క లేదు. పగటీలి బువ్వకు డ్రమ్ముల షెడ్డు వెనక ఇద్దరే కూసున్నరు. రాజవ్వ సద్ది మూత తియ్యలే. ఇటు అటు చూసి దగ్గరికి జరిగింది.

"నేను చూసిన పిల్లా," అన్నది గుసగుసగ.

"ఏంది అక్కా?"

"ఆ పొద్దు... జ్వరం జెర తగ్గినట్టైతే నీ వెనక బయలెల్లిన. తెల్లారొస్తుంది గదా అని కట్ట మీదికెల్లి వచ్చిన. మత్తడి దగ్గర పడ్డది. పొగల... నీళ్ళల్ల నిలబడ్డది. జుట్టు విరబోసుకొని. ఆమె పక్కపొంట ఇంకెవరెవరో."

శివమ్మకు నవ్వొచ్చింది. మూడు దినాల సంది లోపల బిగుసుకున్నదేదో వదులైనట్టైంది. ముద్ద కలుపుకుంట, ఎట్ల మొదలుపెట్టాల్నో చూసుకున్నది. అది నేనే అక్కా, అని చెప్తే రాజవ్వ మొకం ఎట్లైతదో. ముద్ద నోట్లె పెట్టుకొని, మింగి చెప్దామనుకున్నది.

రాజవ్వ ఆమె చెయ్యి పట్టుకున్నది. చెయ్యి మంచుగడ్డ లెక్క ఉన్నది.

"ఉరుకుదామని తిరుగుతున్ననా... అందరు అటే చూస్తున్నరు. అందుల ఒక్కతి ఇటు తిరిగింది. నా దిక్కు. నవ్వుకుంట పిలిచింది పిల్లా."

"ఏమని?"

"వదినా, నీళ్ళు వెచ్చగున్నయి, దిగు... అన్నది."

శివమ్మ ముద్ద మింగలే.

నీళ్ళు వెచ్చగున్నయని ఆమె ఎవ్వరికి చెప్పలే. రాజవ్వను వదినా అని ఒక్కనాడు పిలువలే.